ఆవుకు నలభై ఏడు, ఒంటెకు నలభై నాలుగు

1999. రియాద్‌కు దక్షిణాన అల్ ఖర్జ్‌లో ఒక పెద్ద డెయిరీ ఫారం. నేను అక్కడ మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ని. ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను క్లాసు బయట నిలబెట్టాడు. బయటే హాయిగా ఉందనిపించి మళ్ళీ లోపలికి పోలేదు. మోటార్ వైండింగ్ షాపులో కరెంటు పని నేర్చుకున్నాను. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా అక్క భర్త రాజలింగం బావ వీసా పంపితే సౌదీ వచ్చాను. ఎండలో పనిచేసేవాళ్ళు ఎలక్ట్రీషియన్ అంటే ఏసీలో కూర్చునే దొర అనుకుంటారు. ఏసీ చెడిపోయిన గదిలోనే మాకు పని పడుతుందన్న సంగతి వాళ్ళకు తట్టదు.

ఆ ఏడాది మా క్యాంపులో ఒక ప్రతినిధిని ఎన్నుకోమని కంపెనీ చెప్పింది. జీతం పెరిగే పదవి కాదు. సెలవు కాగితాలు ఆఫీసుకు మోయాలి. ఇంటికి పోయి తిరిగి రావడానికి పాస్‌పోర్టులో కొట్టే ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర కోసం వెంటపడాలి. జ్వరం వచ్చినవాణ్ణి క్లినిక్‌కు తీసుకుపోవాలి. అంతకు ముందున్న ప్రతినిధి వేరే బ్లాకువాడు. చెడ్డవాడు కాదు గానీ, అతని సంచిలో మా తెలుగువాళ్ళ కాగితాలు ఎప్పుడూ అడుగునే ఉండేవి. డిసెంబరులో సెలవు అడిగినవాడికి మార్చిలో ముద్ర పడేది.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మెస్సు హాల్లో క్యాంపు అంతా చేతులెత్తి ఒకర్ని ఎన్నుకోవాలి. మా తెలుగు బ్లాకులో ఎనభై నాలుగు మందిమి. నిలబడతామని ఇద్దరు సిద్ధమయ్యారు. ఒకరు మా బావ. పాల పాకెట్లు నింపే ఫిల్లింగ్ హాల్లో లైన్ లీడర్. యుద్ధంలో కిటికీలకు టేపు అంటించుకుని ఇక్కడే ఉన్న పాతకాపు. రెండోవాడు సత్తన్న. పశువుల షెడ్డులో పని, మనిషి పొడుగు, మాట పొట్టి. ఇద్దరూ నిలబడితే మా ఓట్లు చీలి ఇద్దరూ పోతారు. కాబట్టి గురువారమే మాలో మేము ఒక్కర్ని తేల్చుకోవాలి.

చేతులెత్తుదామంటే, ఒకే గదిలో పై మంచం కింద మంచం పడుకునేవాళ్ళు. ఎవడు ఎవడికి ఎత్తాడో తెలిస్తే రేపటి నుంచి కూర గిన్నె కూడా అందించుకోరు. చీటీలు రాద్దామంటే సగం మందికి రాయడం రాదు. అప్పుడు నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"దేశంల అక్కడక్కడ ఓట్ల మిషన్లు పెట్టిన్రట గద. నేనొకటి చేస్త," అన్నాను.

తుక్కులో పడేసిన పాత ఫిల్లింగ్ మిషన్ నుంచి కావలసినవి విప్పుకోమని సూపర్వైజర్ అనుమతి ఇచ్చాడు. రెండు ఎలక్ట్రానిక్ కౌంటర్లు తీశాను. పాకెట్ పోయినప్పుడల్లా ఒక అంకె పెంచే డబ్బాలు అవి. రెండు ఆకుపచ్చ బటన్లు, ఒక చిన్న దీపం తీశాను. చెయ్యి వణికి ఎవడైనా టకటకా రెండుసార్లు నొక్కితే రెండు ఓట్లు పడకుండా టైమర్ రిలే పెట్టాను. అంటే ఒకసారి నొక్కాక మూడు సెకన్ల పాటు బటన్‌కు తాళం పడుతుంది, ఆ మూడు సెకన్లు దీపం వెలుగుతుంది. కౌంటర్లకు కాగితం అంటించి మూసేశాను. ఒక బటన్ పైన ఆవు బొమ్మ, ఇంకోదాని పైన ఒంటె బొమ్మ. ఆవు బావకు, ఒంటె సత్తన్నకు.

"నా మెడ చూసే ఇచ్చినవా తమ్మీ?" అన్నాడు సత్తన్న.

"మెడకు కాదన్నా, ఓపికకు."

గురువారం మధ్యాహ్నం స్టోర్ రూములో దుప్పటి పరదా కట్టి మిషన్ పెట్టాం. తలుపు దగ్గర హైదరాబాద్ డ్రైవర్ గౌస్ భాయ్ పేర్ల జాబితా పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కణ్ణి లోపలికి పంపి టిక్కు కొట్టాడు. అందరి సంగతీ అయ్యాక నేనే పెళ్ళిపెద్దలాగా కాగితాలు చింపాను. ఆవుకు నలభై ఏడు. ఒంటెకు నలభై నాలుగు. బావ గెలిచాడు. ఎవరో టీ డబ్బా మీద దరువు వేశారు. నేను నాకే చప్పట్లు కొట్టుకున్నాను.

గౌస్ భాయ్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని జాబితా మళ్ళీ వేలితో దువ్వుతున్నాడు.

"ఏం మియా, నా కాగజ్ మీద ఎనభై నాలుగు టిక్కులు. నీ డబ్బాల తొంభై ఒకటి. ఈ ఏడుగురు ఎక్కడ్నుంచి వచ్చిన్రు? బర్రెలు కూడ ఓటేసినయా?"

నవ్వు సగంలో ఆగిపోయింది. వెనక నుంచి ఒక గొంతు అంది: "కరెంటోడు బావను గెలిపిచ్చుకున్నడు." ఇంకొకడు అందుకున్నాడు: "వీసా బాకీ తీర్చిండు." సత్తన్న నా మిషన్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూసి బయటికి పోయాడు. అతని మనుషులు, శుక్రవారం హాల్లో సత్తన్న కూడా నిలబడతాడని చెప్పేసి పోయారు. అంటే ఓట్లు చీలినట్టే. మళ్ళీ ఏడాదంతా మా కాగితాలు సంచి అడుగుకే.

బావ నన్ను పక్కకు పిలిచాడు.

"ఏడెక్కువైతే ఏమైతది? మిషన్ తప్పు జేస్తె ఇద్దరికీ జేసి ఉంటది. గెలిచిన్నా లేదా?"

"ఎట్ల వచ్చినయో చూడాలె గద బావా."

"బామ్మర్దీ, నిన్ను ఇక్కడికి తెచ్చింది బటన్లు బిగిస్తవని. తవ్వుడు పని మున్సిపాలిటోళ్ళది. ఊకో."

ఊరుకోవడం నాకు చేతనైతే ఏడో తరగతి పాసయ్యేవాణ్ణి. పైగా ఇక్కడ పోయేది నా పేరు. ఎలక్ట్రీషియన్‌కు పేరు పోతే మిగిలేది టెస్టర్ ఒక్కటే. ఫ్యాను బాగుచేసినా "పక్కింటోడికి గాలి మళ్ళించిండు" అంటారు.

మిషన్‌ను గదికి తెచ్చుకుని ముందు దాన్నే అనుమానించాను. బటన్ లోపలి రేకులు అదిరితే ఒక్క నొక్కుకు రెండు లెక్కలు పడతాయి, అది మా పనిలో తెలిసిన జబ్బే. వంద సార్లు నొక్కాను. కౌంటర్ వంద చూపించింది. రెండో బటన్ కూడా వంద నొక్కాను. అదీ వందే. బొటనవేలు వాచింది గానీ మిషన్‌లో తప్పు దొరకలేదు. తప్పు డబ్బాలో లేదంటే డబ్బా ముందు నిలబడ్డవాళ్ళలో ఉండాలి. అయితే "నువ్వు దొంగ ఓటు వేశావా" అని ఎవర్ని అడగగలం?

శుక్రవారం పొద్దున బొమ్మలు పీకేసి, మిషన్ చంకన పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. పశువుల షెడ్డులో నలుగురితో నొక్కించాను. నాలుగు నొక్కులు, నాలుగు లెక్కలు. తర్వాత టీ వేళకు ఫిల్లింగ్ హాలుకు పోయాను. మల్లేశం అని నిదానమైన మనిషి, పాకెట్లు నింపే మిషన్ నడుపుతాడు.

"మల్లేశం, నిన్న ఎట్ల నొక్కినవో గట్లనే నొక్కి చూపియ్యి. ఏ బొమ్మకేసినవో నాకొద్దు. ఉత్త నొక్కుడు."

మల్లేశం చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని నొక్కాడు. దీపం వెలిగింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీపం ఆరింది. మళ్ళీ నొక్కాడు. కౌంటర్ రెండు చూపించింది.

"రెండోసారి ఎందుకు నొక్కినవే?"

"మొదటిది రీసెట్ గదనే. లైటు ఆరినంక నొక్కితేనే గద మిషన్ నడిచేది."

మల్లేశమే పూర్తిచేశాడు: "నువ్వే నేర్పినవ్ గద. ఒక్కసారి నొక్కి నిలబడ్డందుకు నిద్ర మొహమోడా అని తిట్టినవ్ గూడ."

నిజమే. ఆ ఫిల్లింగ్ మిషన్ పద్ధతి అది. ఆకుపచ్చ బటన్ మొదటి నొక్కు రీసెట్, అంటే మిషన్‌ను మొదటి స్థితికి తెచ్చి సిద్ధం చేయడం. దీపం వెలిగి ఆరాక రెండో నొక్కు స్టార్ట్. నేను ఓట్ల డబ్బాకు పెట్టింది అదే రకం మిషన్ బటన్, అదే దీపం. మూడు సెకన్ల తాళం తొందరపడేవాణ్ణి ఆపుతుంది. దీపం ఆరేదాకా ఓపికగా నిలబడినవాణ్ణి ఎలా ఆపుతుంది? ఆ మిషన్ నడిపే మావాళ్ళు రెండు షిఫ్టుల్లో కలిపి సరిగ్గా ఏడుగురు. మిగతా ఆరుగురితోనూ నొక్కించాను. ఆరుగురూ చేతులు కట్టుకుని, దీపం ఆరాక మళ్ళీ నొక్కారు. అంత శ్రద్ధగా పాఠం నేర్చుకున్న శిష్యులు మా లెక్కల సారుకు కూడా దొరికి ఉండరు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ ఏడుగురూ బావ లైన్‌లో, బావ కింద పనిచేసేవాళ్ళే. ఈ సంగతి బయటపెడితే పోయేది బావ గెలుపు. బావ పంపిన వీసా మీద వచ్చి, బావ పెట్టిన అన్నం తిని, బావ కుర్చీ లాగినవాణ్ణవుతాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మల్లేశానికి కూడా తాను రెండు ఓట్లు వేశానని తెలియదు.

అందరికంటే ముందు బావకే చెప్పాను. విని గడ్డం గోక్కున్నాడు.

"నీకు తెలిసింది. నాకెందుకు చెప్పినవ్? ఇప్పుడు నాకు గూడ తెలిసిపాయె," అన్నాడు. లేచి చెప్పులేసుకుని, "పోయి చెప్పుపో. నేనూ వస్త," అన్నాడు.

పది గంటలకు అందర్నీ స్టోర్ రూము ముందు కూడేసి మల్లేశంతో నొక్కించి చూపించాను. నవ్వారు, నన్ను తిట్టారు, మళ్ళీ నవ్వారు. అప్పుడు బావే అన్నాడు: "ఏడుగురూ నా లైనోళ్ళు. నాకే ఏసి ఉంటరు. ఏడు తీసెయ్యిన్రి. సత్తన్న గెలిచినట్టే."

సత్తన్న తల అడ్డంగా ఊపాడు. "ఎవలు ఎవలికి ఏసిన్రో మనమే చెప్పుకుంటె పరదా ఎందుకు కట్టినట్టు అన్నా? మళ్ళ ఏద్దాం."

ఒప్పుకుని ఉంటే గెలిచేవాడు. ఆ మాట అన్నాక నిన్న నన్ను దొంగన్నవాళ్ళే ముందు సరే అన్నారు.

ఈసారి మిషన్ లేదు. మెస్సులో తిని పారేసిన ఖర్జూరం గింజలు కడిగి తెచ్చాం. పరదా వెనక రెండు పాల క్యాన్లు, ఆవు బొమ్మదొకటి, ఒంటె బొమ్మదొకటి. చప్పుడు వినిపించకుండా అడుగున గోనె ముక్క వేశాం. గౌస్ భాయ్ మనిషికి ఒక గింజ ఇచ్చి టిక్కు కొట్టాడు. మల్లేశం వంతు వచ్చినప్పుడు, "నీకు ఒక్కటే మియా. రీసెట్ గింజ లేదు," అన్నాడు. మల్లేశం కూడా నవ్వాడు.

అందరి ముందు బోర్లించాం. ఒంటెకు నలభై మూడు. ఆవు క్యాను నేను ఎత్తబోతే బావ నా చెయ్యి తోసేశాడు.

"నాది నేను లెక్కబెట్టుకుంట."

నేల మీద బాసింపట్టు వేసుకుని పదేసి గింజలు వరుస పేర్చాడు. నాలుగు వరుసలయ్యాక ఒక్క గింజ మిగిలింది. క్యానులో చెయ్యి పెట్టి తడిమాడు. గోనె ముక్క తీసి దులిపాడు. ఏమీ రాలలేదు. నలభై మూడూ నలభై ఒకటీ కలిపితే ఎనభై నాలుగు. గౌస్ భాయ్ టిక్కులన్నే.

"నలభై ఒకటి," అని బావే పైకి చెప్పాడు. లేచి బట్టలు దులుపుకుని సత్తన్న వైపు తిరిగాడు. "జుమ్మా అయినంక మా లైన్ల ఒక్క చెయ్యి లేవకున్నా నన్నడుగు. పా."

మధ్యాహ్నం ఎనభై నాలుగు చేతులూ ఒక్కడికే లేచాయి. సత్తన్న ప్రతినిధి అయ్యాడు. బావ మాత్రం రంజాన్ దాకా నన్ను బామ్మర్దీ అని పిలవలేదు. "ఏమయ్యా ఎలక్ట్రీషియన్" అనేవాడు.

ఇప్పుడు ఊళ్ళో హోటల్ దగ్గర ఓట్ల మిషన్ల మీద వాదం వస్తే, సౌదీలో మిషన్ చేసిన మొనగాడినని నన్ను అడుగుతారు, మంచివా చెడ్డవా అని. పెద్ద మిషన్ల సంగతి నాకు తెలియదు. నేను చేసిన మిషన్ ఒక్క తప్పూ చేయలేదు. నొక్కిన ప్రతి నొక్కూ లెక్కబెట్టింది. నేను మిషన్‌ను పరీక్షించాను గానీ చేతుల్ని పరీక్షించలేదు. అప్పట్నుంచి ఏ బోర్డు బిగించినా, ఎలా వాడాలో నోటితో చెప్పను. దాన్ని వాడబోయేవాణ్ణి నిలబెట్టి, నేను పక్కన నోరు మూసుకుని వాడి చేతులు చూస్తాను. నోరు మూసుకోవడమే ఇందులో కష్టమైన పని.

రెండో పాఠం బావ నేర్పాడు. గురువారం నేను కాగితం చింపి నలభై ఏడు అంటే గెలిచినవాడొక్కడే నమ్మాడు, అంతే. శుక్రవారం నలభై ఒకటి అన్నది ఓడినవాడు, తన వేళ్ళతో తానే లెక్కబెట్టుకుని.