ఏ కాలి చెప్పు తెగింది?

“తలకి ఎర్ర తువ్వాలు కట్టుకున్నాడా? సెప్పే, బయపడకు!” అంటూ పక్కింటి అత్త నన్ను ఒళ్లోకి లాక్కుంది. చుట్టూ మా వీధి ఆడవాళ్లంతా ఉన్నారు. నేను “ఊఁ” అన్నాను.

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో జరిగిందిది. నాన్న గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్లిపోయాడు. పొద్దున్నే అమ్మ రొయ్యల కంపెనీకి, నాన్నమ్మ చేపల గంపతో వన్‌టౌన్ బజారుకి వెళ్లేవాళ్లు. వేసవి సెలవుల్లో రోజంతా నేనూ, మా గుమ్మమూ. ఎదురింటి చిన్నాన్న ఒక్కడే వల బాగుచేసుకుంటూ నా సొదంతా వినేవాడు.

ఆ రోజు తెల్లారగట్ల, మా వీధివాళ్లని వేటకి తీసుకెళ్లే పడవ మామ ఇసకలో ఆరేసిన కొత్త వలని ఎవడో భుజాన వేసుకుపోతుంటే చూశాను. కనపడింది వీపే. నాన్నమ్మకి అదే చెప్పాను. మిగతావాళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నారు. అడిగినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని జంతికలు పెట్టారు. అబద్ధం చెప్తున్నానని నాకు అనిపించనే లేదు. నాలుగోసారికి ఆ తువ్వాలు అంచుతో సహా కళ్లకి కట్టింది.

మా వీధిలో ఎర్ర తువ్వాలు కట్టేది చిన్నాన్నే. ఆయన్ని వేటకి పిలవడం మానేశారు. ఆయన తలుపేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. జంతికలు పెట్టినవాళ్లూ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

ఒక సాయంత్రం నాన్నమ్మ గంప కడుగుతూ అడిగింది. “మొన్న సింహాచలం మెట్లెక్కినప్పుడు నీ సెప్పు తెగిపోనాది కదే, ఏ కాలిది?”

“ఎడం కాలిది. నువ్వు పిన్నీసు ఎట్టినావు గదా!”

“సెప్పులు కిందే ఇడిసీసి ఎక్కినాం కదే, ఎర్రిమొకమా!”

గుమ్మంలో నా చెప్పులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

“మొదట నాకు సెప్పినప్పుడు తువ్వాలు నేదు. మరెక్కణ్ణుంచి వొచ్చింది?” అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు నేను పనిచేసే బట్టల కొట్లో ఏదైనా పోతే, “ఆవిడేనా తీసింది?” అని అడిగితే జవాబు చెప్పను. “ఏం చూశావు?” అని అడిగితే చెప్తాను. అందరూ పొగరనుకుంటారు. అనుకోనీ.

నాన్నమ్మ అలా అడిగిన మర్నాడు పొద్దున్నే పడవ నీళ్లలోకి తోస్తుంటే మామ దగ్గరికి పరిగెత్తాను.

“తువ్వాలు నాను సూడనేదు మావా. ఈపే సూసినాను.”

“మరి ఎర్రదన్నావు కదే!”

“మీరడిగినాక కనపడింది.”

మామ పడవ ఆపించి ఒకణ్ణి చిన్నాన్న ఇంటికి పంపాడు. ఆయన వచ్చి, నా పక్కనుంచే నడిచి, పలకరించకుండా పడవెక్కాడు. మోటారు మోగింది. నేను మోకాలి లోతు నీళ్లలోకి దిగి “చిన్నాన్నా, తప్పయిపోనాది!” అని అరిచాను. ఆయన తిరిగి చూసి నవ్వాడని చెప్పాలనే ఉంటుంది. కానీ అది నేను చూడలేదు.