జీపు నిలబడే నేల

మా ఊళ్ళో నేల ఆడవాళ్ళది. గోడలు మగవాళ్ళు లేపుతారు, పైకప్పు వాళ్ళే వేస్తారు. ఇంటి నేల ఎలా ఉండాలన్నది మాత్రం ఏ మగవాడూ మాట్లాడడు. రాళ్ళు ఏరేది, మట్టి మోసేది, దిమ్మిసతో కొట్టేది, ఎర్రమట్టీ పేడా కలిపి అలికేది అంతా ఆడవాళ్ళే. అరకు లోయ నుంచి పైకి వచ్చే ఈ కొండల్లో కొత్త కోడలు పనిమంతురాలో కాదో ఆమె అలికిన నేల చూసి చెబుతారు. పెళ్ళయిన కొత్తలో మా అత్త నా చేత ఒకే గదిని మూడుసార్లు అలికించింది. మూడోసారి కూడా బాగుందని అనలేదు, ఊరికే చాప తెచ్చి పరిచింది.

అందుకే మేము జీపు కొని, దానికి ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసినప్పుడు, దాని నేల సంగతి నా భర్త నన్నూ మా అత్తనూ అడగక తప్పలేదు. ఆ నేల గురించే ఇది రాస్తున్నాను. ఇందులో అతిశయం కనిపిస్తే మన్నించండి. అతిశయించేవాళ్ళు దేవుణ్ణి బట్టే అతిశయించాలని సండే స్కూల్లోనే నేర్చుకున్నదాన్ని. అయినా మంచి పని జరిగినప్పుడు జరిగిందని చెప్పకపోవడం కూడా ఒక రకం అబద్ధమేనని నా నమ్మకం.

జీపు పాతది. కాఫీ, పసుపు బస్తాలు సంతకి దింపడానికీ, మనుషుల్ని ఎక్కించుకోవడానికీ కొన్నాం. కొన్న ఆదివారం దాన్ని చర్చి ముందు నిలబెట్టి పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాం. అప్పుడు నేను సంఘం ముందు లేచి ఒక మాట ఇచ్చాను. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా, వాళ్ళు మా సంఘం వాళ్ళయినా కాకపోయినా, ఈ బండి ఆసుపత్రికి కదులుతుందని. నా భర్త తలూపాడు. మా అత్త మా సంఘంలో లేదు, ఆమె ఊరి దేవతకే మొక్కుతుంది. ఆ రోజు చర్చి బయట అరుగు మీద కూర్చుని అంతా వింది. ఇంటికొచ్చాక అంది:

"మాటిచ్చేసినావు. ఏ దేవుడి ముందైనా మాట మాటేనే కోడలా. ఇంక తప్పకూడదు."

షెడ్డుకి ఏ నేల వేయాలన్నది అప్పట్లో మాకు ప్రశ్నే కాదు. బండి ఇంటికి వచ్చిన మనిషి లాంటిది, మనిషికి వేసిన నేలే దానికీ వేశాం. మట్టి పోసి కొట్టి, ఎర్రమట్టీ పేడా కలిపి అలికాం. అక్కడితో ఆగితే బాగుండేది. బండి మీద గౌరవం కొద్దీ ప్రతి శనివారం అలికాం. పొర మీద పొర పడి ఆ నేల మీగడ కట్టినట్టు నున్నగా తయారైంది. దారిన పోయే టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకునేవాళ్ళు. బండి కంటే నేలకే ఎక్కువ ఫొటోలు తీశారని మా అత్త ఊరంతా చెప్పుకుంది.

వానలు మొదలైన నెలకి, ఒక ఉదయం, పక్కింటి ఆమెకి నొప్పులు వచ్చాయి. నా భర్త జీపు స్టార్టు చేశాడు. షెడ్డు లోంచి బయటికి కాస్త ఎత్తు ఎక్కాలి. చక్రాలు తెచ్చిన వాన నీళ్ళకి మా అలుకు అప్పటికే నాని ఉంది. జీపు ముందుకి జానెడు వచ్చింది, వెనక్కి మూరెడు జారింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. గోనెలు వేశాం, రాళ్ళు వేశాం. ఆరుగురు మగవాళ్ళు వెనక నుంచి తోశారు.

"ఇంకొంచెం తొయ్యండ్రా!"

"ఏటి తొయ్యడం, మా కాళ్ళే నిలబడ్డం లేదు!"

"బండికి పరుపేసినట్టున్నావు కదే వదినా, లెగనంతంది" అన్నాడొకడు.

చివరికి ఆమెను దుప్పట్లో పడుకోబెట్టి, దుప్పటిని వెదురు కర్రకి కట్టి, డోలీలో మోసుకుపోయారు. మా ఊరికి జీపు రాక ముందు అందరినీ మోసినట్టే. కింద తారు రోడ్డు మీద అంబులెన్సు ఆగి ఉంది. ఆసుపత్రికి వెళ్ళాక బిడ్డ పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. దేవునికి స్తోత్రం. కానీ ఆ పొద్దు మా జీపు మా ఇంట్లోనే, మా చేత్తో మేము అలికిన నేలలోనే దిగబడి ఉంది. కదులుతుందని సంఘం ముందు నేనిచ్చిన మాట కూడా దాంతోపాటే దిగబడింది.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది. ఆదివారం నేనే లేచి తప్పు ఒప్పుకున్నాను. ఏడుపొచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు దగ్గరికి పిలిచి, "అమ్మా, ఏడ్చింది చాలు. ముందు నేల సంగతి చూడు" అన్నారు. ఆ రోజు ఆయన చెప్పిన వాక్యం, పూర్వం ఒక రాజు బలిపీఠం కోసం ఒక రైతు కళ్ళం కొన్న సంగతి. రైతు ఊరికే ఇస్తానన్నా రాజు తీసుకోలేదు, తనకు కష్టం లేని దానిని దేవునికి ఇవ్వనన్నాడు. చిన్నప్పటి నుంచి విన్న సంగతే. కళ్ళం అంటే కూడా నేలే కదా అని ఆ రోజే తోచింది.

ఏ నేల వేయాలి? నేను పెళ్ళికి ముందు అయిదేళ్ళు అరకులో ఒక గెస్ట్‌హౌస్‌లో గదులు తుడిచాను. టూరిస్టుల బళ్ళు నిలబడే చోటు కూడా నేనే కడిగేదాన్ని. నేలల్ని మోకాళ్ళ మీద ఉండి చూసినదాన్ని. మెరిసే టైలు తడిస్తే ఏమవుతుందో తెలుసు. గళ్ళున్న పార్కింగ్ టైల్సు కింద గుల్ల ఉంటే చక్రం ఎక్కగానే ఎలా పగులుతాయో తెలుసు, ఆ ముక్కలు ఏరింది నేనే. మరి ఇంట్లో మట్టి నేల అలుకుతూ ఇవన్నీ ఎందుకు గుర్తు రాలేదంటే, అది గెస్ట్‌హౌస్, ఇది ఇల్లు. ఇంటికి నేల అంటే మాకు అలుకే.

నా భర్త మనసు మాత్రం టైలు మీదే ఉంది. శృంగవరపుకోట వెళ్ళి, షాపువాడు ఇచ్చాడని తెల్లగా మెరిసే టైలు ఒకటి శాంపిలుకి తెచ్చాడు.

"పెద్దూళ్ళో అందరూ ఇదే ఏత్తన్నారే. అద్దం లాగుంతాది" అన్నాడు.

మా అత్త ఆ టైలు తీసుకుని వాకిట్లో పెట్టింది. దాని మీద చెంబుతో గంజి పోసింది.

"ఎక్కి నిలబడు."

"ఏటమ్మా ఇది, సిన్నపిల్లల ఆట లాగ..."

"నిలబడరా బేగి!"

ఒక కాలు పెట్టాడు, రెండో కాలు ఎత్తేలోపు కూర్చున్నాడు. నేను నోట్లో చెంగు కుక్కుకున్నాను.

"రెండు కాళ్ళున్నోడివి నువ్వే నిలబడ్లేదు. నాలుగు సక్రాలది అదెలా నిలబడుద్ది?" అని ఆమె టైలు కడిగి, మళ్ళీ షాపువాడికి ఇచ్చెయ్యమని గుడ్డలో చుట్టి ఇచ్చింది.

అలా టైలు పోయింది. కింద రాళ్ళు, పైన కాంక్రీటు అని నేను తేల్చాను. మెత్తబడ్డ పాత అలుకంతా మోకాలి లోతు తవ్వి పారబోశాం. రాళ్ళు కొనొచ్చు, లారీ దింపుతుంది. నేను వద్దన్నాను. వానలు వెనకబట్టాక మా గెడ్డలో, ఊరి పక్క వాగులో, రాళ్ళు తేలతాయి. సంఘంలో ఆడవాళ్ళు, సంఘం కాని ఆడవాళ్ళు, అందరం కలిసి తట్టలతో మోశాం. డోలీలో వెళ్ళిన ఆమె బిడ్డను వీపుకి కట్టుకుని వచ్చి మోసింది. నువ్వు వద్దమ్మా అంటే, "నాకు తెలియదా ఏటి ఆ నేల సంగతి, మీకంటే నాకే బాగా తెలుసు" అని నవ్వింది. రాళ్ళు నిలువుగా పేర్చి, సందుల్లో చిన్న రాయి కొట్టి, దిమ్మిసలతో వారం రోజులు కొట్టాం. ఆ పని మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. చూడడానికి వచ్చిన మేస్త్రి దాని మీద మడమతో తన్ని చూసుకున్నాడు.

మేస్త్రి మైదానం మనిషి, విజయనగరం వైపు వాడు. పని బాగా తెలిసినవాడు. గుమ్మం వైపుకి ఎత్తు ఎక్కేలా వాటం ఇచ్చి, నాలుగంగుళాల కాంక్రీటు పోశాడు. తాపీతో నున్నగా రుద్దడం మొదలుపెట్టగానే నేను ఆపమన్నాను. గెస్ట్‌హౌస్‌లో ర్యాంపు మీద గీతలుండేవి, అక్కడ ఎంత వానకైనా బండి జారేది కాదు.

"గీతలేటమ్మా? నేనేసిన గచ్చులో మొకం కనబడాల. గీతలెడితే సూసినోళ్ళు పని రానోడనుకుంతారు."

మా అత్త అప్పటికే కొండచీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"మొకం సూసుకోడానికి నీకు అద్దం నేను కొనిత్తాను గానీ, తప్పుకో నాయినా."

"మామ్మా, సిమెంటు మీద సీపురేటి? ఇది నీ పేడ అలుకు కాదు!"

"నేలే కదా? నేలైతే నాకొదిలేయ్."

ఆమె లోపలి గోడ దగ్గర మొదలుపెట్టింది. అలికేటప్పుడు చేసినట్టే, అడ్డంగా వేసిన చెక్క మీద వంగి, చెక్కను వెనక్కి జరుపుకుంటూ, చీపురు అంచుతో అడ్డంగా వంపులు తీసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఎక్కడా ఆగలేదు, ఒక వంపు మీద ఇంకో వంపు పడలేదు. ముప్పై అడుగుల దూరంలో నిలబడి చూస్తే చేప పొలుసుల్లాగా ఉంది. మేస్త్రి గుమ్మం దగ్గర వంగి చివరి వంపుని దగ్గరగా చూశాడు. తర్వాత నన్నడిగాడు, ఆ చీపురు ఒకటి తనకి ఇస్తారా అని.

తర్వాత మూడు వారాలు ఎండుగడ్డి పరిచి, గెడ్డ నీళ్ళు మోసి రోజూ తడిపాం. వారానికే నా భర్త జీపు లోపల పెడతానని గొడవ. నేను గుమ్మానికి అడ్డంగా మంచం వేసి కూర్చున్నాను.

ఆ నేలతో కాపురం అంత సుఖమేమీ కాదు. మా అలుకు కాలికి చల్లగా ఉంటుంది, ఇది గరుకు. గీతల్లో బురద చేరితే చీపురుకి రాదు, నీళ్ళు కొట్టాలి. ఒక మూల వెంట్రుకవాసి పగులు వచ్చింది, అది పెరుగుతుందేమోనని నెల రోజులు బొగ్గుతో గుర్తు పెట్టి చూశాను. పెరగలేదు. మొదటిసారి ఇంజను ఆయిలు చుక్క పడ్డప్పుడు మా అత్త జీపుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఊక పోసి, బూడిదతో రుద్దింది. మరక ఇంకా కొంచెం ఉంది. కాఫీ గింజలు ఎండబోసుకుంటామని ఇద్దరు ముగ్గురు అడిగారు, వద్దన్నాను. డీజిలు వాసన గింజ పీల్చుకుంటుంది, కొనేవాళ్ళు కాఫీ కాచి రుచి చూసి తిప్పి పంపేస్తారు. బుధవారం ఆడవాళ్ళ ప్రార్థన మాత్రం అక్కడే పెట్టుకున్నాం, జీపు బయట నిలబెట్టి. మోకాళ్ళ మీద ఉంటే చాప లోంచి కూడా గీతలు గుచ్చుకుంటాయి. ఇప్పుడు ప్రార్థనలో ఎవరికీ నిద్ర రావడం లేదని పాస్టరమ్మగారు అన్నారు.

ఇవన్నీ సరే. అసలు సంగతి వానాకాలంలో తేలాలి. జూన్ నుంచి నాకు స్థిమితం లేదు. ఈసారి కూడా బండి కదలకపోతే సంఘంలో లేచి ఏ ముఖంతో నిలబడతాను? చిన్న జల్లు పడినా నా భర్తను బండి బయటికి తీసి లోపల పెట్టమనేదాన్ని. తీసేవాడు, బాగానే వచ్చేది. జల్లుకి రావడం వేరు, ముసురుకి రావడం వేరు.

ఆగస్టులో మూడు రోజులు వదలకుండా పడింది. మూడో రోజు మధ్యాహ్నం, కింది గూడెం నుంచి ఒక తల్లి బిడ్డను చీర చెంగులో చుట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. రెండేళ్ళ గుంట, ఆడపిల్ల. జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి, కళ్ళు తేలేసింది. ఆ తల్లిని అంతకు ముందు సంతలో చూశానేమో, పేరు కూడా తెలియదు.

"అమ్మా, మీ బండి... మీ బండి ఉందా?"

"ఉంది, ఎక్కు" అన్నాను. అనేశాక తిరిగి షెడ్డు నేల వైపు చూశాను.

నా భర్త స్టార్టు చేశాడు. చక్రాలకి పొద్దుటి బురద అలాగే ఉంది, నేలంతా తడి. నేను పక్కకి తప్పుకుని వెనక చక్రాన్నే చూస్తున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా రాలేదు. చక్రం ఒక్కసారి కొద్దిగా వణికింది. తర్వాత గీతల మీద పట్టుకుంది. ఒక గీత, ఇంకో గీత, ఇంకో గీత, మెట్లెక్కినట్టు ఎక్కింది. నేను ఊపిరి పీల్చేలోపు జీపు వాకిట్లో ఉంది, ఇంకోసారి చూసేలోపు దారి మలుపు తిరిగింది. ఎవరూ తొయ్యలేదు. ఎవరూ గోనె వెయ్యలేదు.

ఆ గుంట ఆసుపత్రిలో నాలుగు రోజులుండి తిరిగొచ్చింది. ఇప్పుడు సంతలో నన్ను చూస్తే తల్లి వెనక దాక్కుంటుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం అదేమీ తెలియదు. ఖాళీ షెడ్డులో నేనూ మా అత్తా నిలబడి ఉన్నాం. రేకుల మీద వాన మోత. కొంతసేపటికి కింద తారు రోడ్డు మీద నుంచి హారను వినిపించింది, రోడ్డు ఎక్కేశామని నా భర్త కొట్టే హారను. నాకు నవ్వొచ్చింది. చిన్నగా మొదలై ఆగలేదు. నేల మీదే కూర్చుండిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాను.

"ఏటే, పిచ్చి గానీ ఎక్కిందేటి? బిడ్డకి అలాగుంటే నవ్వుతావేటి?"

"ప్రార్థన చేస్తున్నానత్తా."

"ఇదేటి ప్రార్థనే!" అంది మా అత్త. అని నా పక్కనే కూర్చుని, తను తీసిన వంపుల మీద అరచెయ్యి పెట్టి, వాన తగ్గేదాకా అలాగే ఉంచింది.