బాబురావు ఆసిలోస్కోపు బేరం

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో బాబురావును ఎరిగిన ప్రతి దుకాణదారుకూ ఆయన ప్రశ్న కంఠతా వచ్చు. వాషింగ్ మెషీన్ కొనడానికి వెళ్లినా ఆయన అడిగేది ఒక్కటే: "దీని ప్రోగ్రాము విప్పి చూసి, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చా?" వీల్లేదంటే వట్టి చేతులతో ఇంటికొచ్చేవాడు. ఆయన భార్య జ్ఞానకుమారి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి బట్టలు చేత్తోనే ఉతుక్కునేది.

"మా వార్డులో మిషన్లన్నీ నేను విప్పి చూశాకే వాడుతున్నానా?" అనేది.

"వాడితే వాడు గాని, నమ్మేయకు," అనేవాడాయన.

ఈ చలికాలం ఆయన మనసు ఆసిలోస్కోపు మీదికి పోయింది. కరెంటు సంకేతాలను తెర మీద అలలుగా గీసి చూపే పరికరం అది. పెద్దది కొనే తాహతు లేదు. కంప్యూటరుకు తగిలించుకునే చిన్న డబ్బా అయితే అందుతుంది. జ్ఞానకుమారి సెలవు రోజు చూసి, ఆమెను కూడా వెంటబెట్టుకుని పాత ఢిల్లీ ఎలక్ట్రానిక్స్ బజారుకు బయలుదేరాడు.

"ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే ఎవరైనా విప్పి మార్చుకోగల ప్రోగ్రాముతో, పనిచేస్తుందా, భయ్యా?" అని అడిగాడు ఒక దుకాణంలో.

"సబ్ చల్తా హై, భాయ్‌సాబ్," అన్నాడు దుకాణదారు, అన్నీ నడుస్తాయన్నట్టు.

బాబురావు సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒక్కో డబ్బానే తగిలించి చూశాడు. నిగనిగలాడే డబ్బాలేవీ చలించలేదు. చివరికి లేబుల్ వంకరగా అంటించిన చవక డబ్బా ఒకటి తెర మీద పచ్చటి గీతను కదిలించింది.

"ఈ గీత కోసమా నా సెలవు పోయింది?" అంది జ్ఞానకుమారి.

గీతతో ఆగితే బాగుండేది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆయన ప్రోగ్రాము విప్పి ఏదో మార్చడం, ఇంట్లో వింత కూతలు. అల పెరిగితే కీచుమనేది, తగ్గితే మూలిగేది. చూడ్డానికి కొన్నదాన్ని ఈయన అరిపిస్తున్నాడేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

శనివారం మధ్యాహ్నం డబ్బా, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని పాత స్నేహితుడు నథానియేలు ఇంటికి బయలుదేరుతుంటే ఆమె కూడా వెళ్లింది. నథానియేలు రేడియోలు బాగుచేసేవాడు. చక్కెర జబ్బుతో చూపు పోయాక పని మానేశాడు. చర్చివాళ్లు వచ్చినా గుమ్మంలోంచే పంపించేసేవాడు.

"తెర నాకెందుకన్నా?" అన్నాడు డబ్బా సంగతి విని, విసుగ్గా.

"తెర మూసేశాను. ఇది పట్టుకో."

బాబురావు అతని చేతిలో డబ్బా తీగ చివరి మొన పెట్టి, ముందు మూత విప్పిన పాడైన ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి ఉంచాడు. నథానియేలు వేళ్లతో తడుముకుంటూ మొన ఆనించాడు. కీచుమంది. కాస్త పక్కకు జరిపాడు. మళ్లీ కీచుమంది. ఇంకాస్త జరిపాడు. నిశ్శబ్దం.

"ఇక్కడిదాకా వస్తోంది," అన్నాడు మెల్లగా. "ఇక్కడ పోయింది."

కంటికి మాత్రమే చూపించే, మార్చడానికి వీల్లేని ప్రోగ్రామును మొగుడు ఎందుకు కాదన్నాడో జ్ఞానకుమారికి అప్పుడు తెలిసింది.

నథానియేలు తల పక్కకు వాల్చి ఇంకోసారి విన్నాడు.

"ఈ కూత ఎవరు పెట్టారన్నా? జ్వరమొచ్చిన గాడిదలా ఉంది."

"నేనే," అన్నాడు బాబురావు.

"రేపు ప్రార్థన అయ్యాక రా. కూచుని సరిచేద్దాం," అన్నాడు నథానియేలు. "అక్కా, మీరూ రండి. టీ పెట్టిస్తాను."