కూర్చుంటే పెరిగే ఎత్తు

ఎక్కడ ఆగినా ముందు మీట ఆపుతాడు. లిఫ్టుల మెకానిక్కు అది వేళ్ళకు పట్టిన అలవాటు. కరెంటు ఆపకుండా దేన్నీ ముట్టుకోడు. గుట్ట మీదా అంతే. పైన రాతిబల్ల మీద కూర్చోగానే ఎక్కిన ఎత్తు లెక్కగట్టే చేతిలోని జీపీఎస్‌ను బొటనవేలితో ఆపేస్తాడు. లేచాక మళ్ళీ వేస్తాడు.

అది కొన్నది తోడల్లుణ్ణి చూసి. తోడల్లుడికి బట్టల కొట్టుంది, ముందుకు వచ్చిన పొట్ట ఉంది, ఎవరినైనా నవ్వించే నోరుంది. ఆదివారం ఇద్దరూ ఒకే దారిన ఎక్కుతారు. మెకానిక్ ముందుంటాడు. వెనక నుంచి రొప్పు వినిపిస్తుంటే అతనికి హాయిగా ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే మాత్రం, మొత్తం ఎక్కిన ఎత్తు తోడల్లుడి యంత్రంలోనే ఎక్కువ.

"బావగారు మళ్ళీ మిమ్మల్ని మించారే!" అని నవ్వుతుంది భార్య.

"ఒకే గుట్ట కదే."

"మరి మీది ఎటు పోయింది? మధ్యలో చతికిలబడ్డారా?"

పెళ్ళైన కొత్తలో ఇదే నవ్వుతో అతని గురించి అక్కకు గొప్పలు చెప్పేది.

ఈ ఆదివారం పైన తోడల్లుడు వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. అతని జీపీఎస్ పక్కనే రాతి మీద వెలుగుతూ ఉంది. మెకానిక్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నచోటే ఉన్నా తెర మీద ఎత్తు ఒక మీటరు తగ్గింది, రెండు పెరిగింది, మళ్ళీ తగ్గింది. తగ్గినదాన్ని యంత్రం వదిలేస్తోంది. పెరిగిన ప్రతిసారీ మొత్తానికి కలుపుకుంటోంది. రాయి కదల్లేదు. పొట్ట కదల్లేదు. అంకె ఎక్కుతోంది.

"ఏంటి తమ్ముడూ, నా దానికి దిష్టి పెడుతున్నావా?"

"లేదన్నయ్యా."

కడుపులో మంట కాస్త చల్లబడింది. ఇక్కడ కాదు, భార్య ఉన్నప్పుడు చెప్పాలి.

భోజనాల దగ్గర చెప్పాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ వడ్డిస్తున్నారు.

"అన్నయ్యది కూర్చున్నా ఎక్కుతుంది. పైన ఆపడు కాబట్టి."

తోడల్లుడు కంచంలోంచి తలెత్తాడు.

"అట్లాగా! అయితే వచ్చే వారం కుర్చీ మోసుకొస్తా," అన్నాడు తోడల్లుడు.

అందరూ పగలబడి నవ్వారు. వదిన నవ్వాపుకోలేక గరిటె కింద పెట్టేసింది.

వాళ్ళు వెళ్ళాక భార్య గిన్నెలు సర్దుతూ అంది, "పెద్దాయన. నాలుగు మీటర్లు ఎక్కువుంటే ఓర్చుకోలేరా?"

"ఉన్నదే చెప్పాను."

"ఉన్నదే అయ్యుండొచ్చు. చెప్పేటప్పుడు మీ మొహం ఒకసారి చూసుకోవాల్సింది."

మర్నాడు పొద్దున అతను జీపీఎస్ వేశాడు. వంటింటి కిటికీ గట్టు మీద, పొయ్యి దగ్గర నిలబడితే కనబడేటట్టు, అంకెలు ఆమె వైపు తిప్పి పెట్టాడు. ఆపకుండా పనికి వెళ్ళిపోయాడు.