ఇంకో గ్రహం సినిమా, మా వాడలో గొడవ

నేను నాలుగో తరగతి చదివే రోజులు... మెదక్‌లో మా వాడ చివర ఖాళీ జాగాలో డేరా వేసి సినిమాలు ఆడించేవారు. మొగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, మధ్యలో అడ్డంగా కట్టిన గుడ్డ. కింద పరుచుకోవడానికి చాప, మరచెంబు నిండా నీళ్లు ఇంటి నుంచే పట్టుకుపోయేవాళ్లం.

ఆ ఏడాది ఒక డబ్బింగ్ సినిమా వచ్చింది. హైదరాబాదులో హాళ్లు నిండిపోయి ఆడిందని పేరు. ఎక్కడో ఆకాశంలో ఇంకో గ్రహం... అక్కడి మనుషుల మొహాలకు నీలిరంగు. వాళ్ల దగ్గరికి పళ్లెంలాంటి ఓడ ఒకటి దిగుతుంది. దిగినవాళ్లు మొదట నవ్వుతూ పలకరిస్తారు, చదువు చెప్తామంటారు. తర్వాత కొలువుల్లో కూర్చుంటారు, గింజల గోదాముల తాళాలు తీసుకుంటారు. చివరికి ఆ గ్రహం కుర్రాళ్లు తిరగబడి, వచ్చినవాళ్లందరినీ మళ్లీ ఓడ ఎక్కించి పంపేస్తారు.

ఓడ దారానికి వేలాడుతున్నట్టు తెలుస్తూనే ఉంది... అయినా కళ్లార్పకుండా చూశాం.

ఆ సినిమా తీసినవాళ్లు మా ఊరి పేరైనా విని ఉండరు. కానీ అది 1969, ప్రత్యేక తెలంగాణ కోసం జనం రోడ్ల మీదికి వచ్చిన ఏడాది. మా చిన్నాయన నర్సింలు బి.ఏ. పాసై ఇంట్లో ఉన్నాడు. ఇక్కడి ఉద్యోగాలు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకు పోతున్నాయని రోజూ ఊరేగింపులకు వెళ్లేవాడు. ఆ కోపం ఉత్తది కాదు... అతనితో చదివినవాళ్లు చాలామంది అట్లాగే ఖాళీగా తిరుగుతుండేవారు.

తాళాలు లాక్కునే సీను రాగానే మొగవాళ్ల వైపు నుంచి ఈలలు, కేకలు. "పోండ్రి, మీ ఊరికి పోండ్రి" అని అరిచిన గొంతుల్లో చిన్నాయన గొంతును నేను గుర్తుపట్టాను.

ఆడవాళ్ల వైపు అమ్మకూ నాకూ పక్కన సరోజిని టీచరమ్మ కూర్చుని ఉంది. గుంటూరు వైపు మనిషి. భర్త చనిపోయాక ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, మా ఇంట్లోనే వెనక గదుల్లో కిరాయికి ఉండేది. నా ఈడు కూతురు, సుధ. కేకలు మొదలైనప్పటి నుంచి టీచరమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ తెర వంకే చూస్తోంది.

చివర్లో వాళ్లంతా వరసగా ఓడ ఎక్కుతుంటే డేరా అంతా చప్పట్లు. అవి తగ్గాక సుధ మాట అందరికీ వినబడింది.

"అమ్మా, మనం కూడా వెళ్ళిపోవాలా?"

మా అమ్మ సుధను ఒళ్లోకి లాక్కుంది.

మర్నాడు నల్లా దగ్గర ఇదే పంచాయితీ. "సిన్మల జెప్పింది నిజమే గదా... ఎవల జాగల వాళ్లుండాలె" అన్నది ఒకామె.

మా పక్కింటి ఖైరున్ చాచి బిందె పక్కకు జరిపింది. "నాకైతే గా ఎక్కి పోయెటోళ్లను చూస్తే ఏడుపొచ్చింది. నలభై ఎనిమిదిల పోలీస్ యాక్షన్ అయినంక మా అన్న పిల్లల్ని పట్టుకొని కరాచీ పోయిండు. గప్పుడు గూడ జనం గిట్లనే నిలబడి చూసిండ్రు. నిన్న నాకు మా అన్ననే కనబడ్డడు."

ఒకటే సినిమా... కానీ అందులో ఎవరికి వాళ్ల కథే కనబడింది.

ఆ సాయంత్రం చిన్నాయన దోస్తులు కొందరు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "నర్సింలన్నా, ఊరంత పొమ్మంటుంటే నువ్వు ఇంట్లనే పెట్టుకున్నవ్. ఖాళీ చెయ్యమని చెప్పు."

వెనక గదిలో టీచరమ్మకు ఇదంతా వినబడుతూనే ఉంటుంది. అమ్మ దర్వాజ పట్టుకుని నిలబడింది. చిన్నాయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"నౌకరీలు మనకే రావాలె. గా మాట జైల్ల ఏసినా అంట. గని ఓడ ఎక్కెటోళ్లల్ల చిన్నపిల్లలు గూడ ఉన్నరని నిన్న నాకు కనబడలే. గా పిల్ల అడిగినంకనే కనబడ్డది. నేను చెప్ప. మీరు గూడ చెప్పొద్దు."

"అయితే నువ్వు మాతోని లేవా?"

"రేపు ఊరేగింపుల ముందట నేనే ఉంట. పోండ్రి ఇగ."

అన్నట్టే ముందు నడిచాడు. ఊరేగింపు మా ఇంటి మీదుగానే పోయింది. నినాదాలు ఆగలేదు... కానీ ఎవరూ మా వాకిట్లోకి రాలేదు. బళ్లు మూతపడి ఉన్న ఆ నెలల్లో టీచరమ్మ సుధనూ నన్నూ వాకిట్లో కూర్చోబెట్టి లెక్కలు చెప్పేది.

అయినా ఆమె ఉండలేదు. బదిలీ అడిగి తమ వైపే వేయించుకుంది. వెళ్లే రోజు చిన్నాయన ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని బస్టాండు దాకా మోసి, బస్సు పైకెక్కి తాడుతో కట్టాడు.

"నర్సింలుగారూ, మీకు ఉద్యోగం రావాలండీ. మనస్ఫూర్తిగా అంటున్నాను" అంది టీచరమ్మ.

"మీరు గూడ మంచిగుండుండ్రి టీచరమ్మా" అన్నాడు. బస్సు తూప్రాన్ దారి పట్టేదాకా మేం అక్కడే నిలబడ్డాం. సుధ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత వాళ్ల కబురు ఏదీ తెలియలేదు.

చిన్నాయనకు ఉద్యోగం చాలా ఏళ్లకు గానీ రాలేదు. ముసలితనంలో తెలంగాణ రావడం చూశాడు, ఆ రోజు వాడంతా మిఠాయి పంచాడు.

ఇప్పుడు మా మనవడు కూడా అలాంటి సినిమాలు చూస్తాడు. వాటిలో ఏ రాజకీయం ఉందో, ఎవరిని ఉద్దేశించి తీశారో, ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఫోనులో వాదిస్తాడు. వాడు అడిగేవి మంచి ప్రశ్నలే. కానీ మేం ఎవరి గురించి వాదించుకున్నామో, వాళ్లు మా ఇంట్లోనే అన్నం వండుకుంటూ ఉండేవాళ్లు...

మీ ఊళ్లో ఏ సినిమాకు జనం ఇట్లా రెండుగా చీలారు? అప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారు? గుర్తుంటే రాయండి... చదవాలని ఉంది.