నేను పట్టుకోని రోజు

దయ్యాల గురించి నాకు ఒకటే వాదన ఉండేది. నాచారంలో మనిషికే అద్దె ఇల్లు దొరకడం లేదు, దయ్యానికి ఎవరిస్తారు? ఫ్యాక్టరీలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ఈ మాట అనేసి నవ్వించేవాణ్ణి. ఈ మధ్య అనడం మానేశాను. అలాగని నమ్ముతున్నానని కాదు. చూసింది చూసినట్టు చెప్తాను, మీకేమైనా తోస్తే తోచనివ్వండి.

నేను తొమ్మిదో తరగతిలోనే బడికి సెలవు చెప్పేశాను. ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మిషన్ మీద పని. ఆ రోజుల్లో వరసగా నైట్ డ్యూటీలు. నా భార్య సరిత మాత్రం పెళ్లయ్యాక ఇంటర్ రాసి, పాసై, యూనివర్సిటీలో చేరింది. ఇంగ్లీషు సాహిత్యం, దాంతోపాటు నాటకం. నాటకం గురించి చదివితే చాలదట, తయారుచేసి ఆడాలట. క్లాసులో అందరికంటే పెద్దది తనే. ఆ పిల్లలంతా అక్కా అంటారు.

ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్‌కు వాళ్లే ఒక నాటకం కట్టుకున్నారు. అందులో ఒక ఆడమనిషి బల్ల మీద నిలబడి, కళ్లు మూసుకుని, వెనక్కి పడిపోవాలి. కింద ఉన్నవాళ్లు పట్టుకుంటారు. ఆ వేషం సరితది. దానికోసం ముందు నేల మీద నిలబడి పడటం సాధన చేయించేవారు. వెనక ఒకరు నిలబడతారు. పడేవాళ్లు "రెడీ?" అని అడగాలి. వెనకున్నవాళ్లు "రెడీ" అనాలి. ఆ జవాబు వినకుండా పడకూడదు. అదీ పద్ధతి.

సరితకు అదొక్కటే రాలేదు. పాఠాలు వచ్చేవి, ఇంగ్లీషు డైలాగులు వంట చేస్తూ అప్పజెప్పేది. పడమంటే మాత్రం చివరి క్షణంలో కాలు వెనక్కి వేసేసేది. ఇంకో రెండు రోజుల్లో రాకపోతే వేషం వేరే అమ్మాయికిస్తామని నాటకం నేర్పే మేడం చెప్పింది. ఆ రోజు సరిత ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుంది. "నాతోని కాదు. వేషం పోతే నేనిగ చదువుడు గూడ బంజేస్త" అంది. తను ఊరికే అనే మనిషి కాదు.

అందుకని పొద్దున నేను డ్యూటీ దిగి రాగానే ఇంట్లో సాధన. ఆమె ముందు, నేను వెనక. రాత్రంతా మిషన్ ముందు నిలబడి వచ్చినవాణ్ణి, నన్నే ఎవరైనా పట్టుకుంటే బాగుండనిపించేది. కళ్లు మండేవి. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మా ఫ్యాక్టరీల కింద పడితే జీతం కట్ జేస్తరు. మీ దగ్గర మార్కులేస్తరానే?"

"పడుడుకు గాదు, భయపడకుండ పడుడుకు. జర నోర్మూస్కొని నిలవడు."

ఆమె "రెడీ?" అంటే నేను "రైట్ రైట్, పోనియ్" అనేవాణ్ణి, బస్సు కండక్టరులా. ఆమె నవ్వేది. నవ్వుతూనే కాలు వెనక్కి వేసేది.

మర్నాడు కూడా అంతే. కాసేపు చూసి, పాలు లేవని గుర్తొచ్చి, నేను కిందికి వెళ్లాను. చెప్పే వెళ్లాను. ఆమె డైలాగుల ధ్యాసలో ఉండి వినలేదట, ఆ సంగతి తర్వాత తెలిసింది. మాది రెండో అంతస్తులో ఒక గది, వెనక చిన్న వంటిల్లు. ఇంట్లో మేమిద్దరమే. మెట్ల మీద ఎవరూ ఎదురుకాలేదు.

పాల ప్యాకెట్టుతో తిరిగొచ్చి, దగ్గరగా వేసి ఉన్న తలుపు తోశాను.

సరిత గది మధ్యలో, పక్కకు తిరిగి, వెనక్కి వాలి ఉంది. మడమలు నేల మీద ఉన్నాయి. చేతులు గుండెల మీద కట్టుకుని ఉంది. ఒళ్లంతా గోడకు ఆనించిన నిచ్చెనలా ఏటవాలుగా ఉంది. గోడ మాత్రం లేదు. వెనక ఎవరూ లేరు. జడ నేల వైపు నిలువుగా వేలాడుతోంది. కళ్లు మూసుకుని నవ్వుతోంది.

కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. ఆమె వీపు మీద, రెండు రెక్క ఎముకల దగ్గర, కుర్తా గుడ్డ లోపలికి నొక్కుకుని ఉంది. కింది నుంచి రెండు అరచేతులు ఆనితే ఎలా ఉంటుందో అలా.

అరవాలనుకున్నాను. అరిస్తే పడిపోతుందేమోనని అరవలేదు. అప్పుడామె మెల్లగా పైకి లేచింది. తను లేవలేదు, లేపి నిలబెట్టినట్టు లేచింది. గుడ్డ మీది నొక్కులు పోయాయి. ఆమె కళ్లు తెరిచి వెనక్కి తిరిగింది.

"ఒచ్చిందయ్యా! కాలు కదల్లే, సూసినవా?" అని ఎగిరింది. తర్వాత నా చేతిలో పాల ప్యాకెట్టు చూసి, "గప్పుడే తలుపు కాడికి ఎట్ల వోయినవ్?" అంది.

నేను మాట్లాడకపోవడమే ఆమెకు వింతగా ఉండాలి, కానీ సంతోషంలో పట్టించుకోలేదు. "ఇయ్యాల జోకెయ్యకుంట సక్కగ రెడీ అన్నవ్, గందుకే ధైర్యమొచ్చింది. నీ చేతులేంది గంత సల్లగున్నయ్?" అని నా చెయ్యి పట్టుకుంది. అది వెచ్చగానే ఉండేసరికి, ఏదో లెక్క కుదరనట్టు, వదిలేసింది.

నాటకం ఇంకా ఆడలేదు. అప్పుడు నిజం చెప్తే ఇంకెప్పటికీ పడదు. పాలు పొయ్యి మీద పెట్టి, పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

నిద్ర లేక భ్రమ పడ్డానేమో అని నేనూ అనుకున్నాను. చాలాసార్లు అనుకున్నాను. కానీ భ్రమ నాదైతే, ఆ "రెడీ" ఆమె ఎలా విన్నది? ఇంటి ఓనరమ్మను అడిగి చూశాను, ఇంతకుముందు ఇక్కడెవరైనా పోయారా అని. "ఏంది తమ్మీ, కిరాయి తగ్గిస్తనని అడుగుతున్నవా? కొత్త ఇల్లిది, మీరే మొదటోళ్లు" అని తిట్టింది.

ప్రాక్టికల్ రోజు హాల్లో వెనక నిలబడి చూశాను. సరిత బల్ల మీది నుంచి పడింది. కాలు కదల్లేదు. పిల్లలు పట్టుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను మాత్రం ఆమె వీపు వైపే చూస్తున్నాను. అన్నీ కనిపించే చేతులే.

పాసైన రోజు పీర్జాదిగూడలో ఉండే మా అత్తకు చెప్పడానికి బండి మీద బయలుదేరాం. ఉప్పల్ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు, ఇక దాచడమెందుకని అంతా చెప్పేశాను. సరిత నా వీపు మీద గుద్దులు గుద్ది, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. "నీ నోట్లెకెల్లి నిజమెప్పుడొచ్చిందయ్యా, ఇయ్యాల రానీకి?" అంది. ఒట్టు వేశాను. ఇంకా నవ్వింది. ఇన్నేళ్లు అందరినీ నవ్వించినందుకు నాకు మిగిలింది ఇది.

ఇప్పుడు ఆమెకు పడటమంటే సరదా. ఇంట్లో ఉన్నట్టుండి నా ముందుకొచ్చి వెనక్కి వాలిపోతుంది. ప్రతిసారీ పట్టుకుంటాను. ప్రతిసారీ ఆమె మాట ఒకటే: "గిట్ల గాదు. ఆ రోజు పట్టినట్టు పట్టు."

చేతులు చన్నీళ్లలో ముంచి పట్టాను. మాట్లాడకుండా పట్టాను. అరచేతులు సరిగ్గా ఆ రెండు చోట్లే ఆనించి పట్టాను. కాదంటుంది. ఆ రోజు ఒంటికి బరువే తెలియలేదట.

ఎలా పట్టుకున్నారో నాకు తెలియదు. ఎవరు పట్టుకున్నారో అంతకన్నా తెలియదు. డ్యూటీ దిగి, ఒళ్లు పులిసిపోయి, నేను రోజూ ఆమె వెనక నిలబడుతూనే ఉన్నాను.