కెజియా గీసిన పొలిమేర

దేవుడు ప్రపంచాన్ని ఆరు రోజుల్లో చేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని మూసాపేట చర్చిలో చెప్పేవారు. మాదాపూర్‌లో కెజియా ఒక ప్రపంచాన్ని చెయ్యడం మొదలుపెట్టి పధ్నాలుగు నెలలైంది, అది ఇంకా తెమల్లేదు. ఆదివారం సెలవు కూడా ఒక పూటే. దేవుడికి పైన మేనేజింగ్ డైరెక్టరు లేడు కాబట్టి ఆయన పని తొందరగా అయిపోయింది. తేడా అంతే.

1999 నాటి మాట ఇది. అప్పట్లో మాదాపూర్‌లో మనుషుల కంటే బండరాళ్ళు ఎక్కువ, బండరాళ్ళ కంటే కంపెనీ బోర్డులు ఎక్కువ. సైబర్ టవర్స్ గుండ్రంగా లేచి ఏడాది తిరిగిందో లేదో, చుట్టుపక్కల ప్రతి దుకాణమూ తన కార్డు మీద 'సైబర్ టవర్స్ ఎదురుగా' అని అచ్చు వేయించుకుంది. మయసభ మల్టీమీడియా కూడా ఎదురుగానే ఉండేది, ఇరవై అయిదు నిమిషాలు నడిస్తే. కింద సిమెంటు గోడౌను, పైన మయసభ. వానాకాలంలో కీబోర్డులు గట్టిపడిపోయి సుత్తితో కొట్టి టైపు చేసేవారని ఊళ్ళో వాళ్ళు చెప్పుకునేవారు. అది ఉత్త అబద్ధం. గట్టిపడిన కీబోర్డు ఒక్కటే. దానికి సుత్తి అక్కర్లేదు, స్క్రూడ్రైవరు చాలు.

మయసభకు ఒక విదేశీ కంప్యూటర్ ఆటల కంపెనీ పని దొరికింది. ఆ ఆట జరగడానికి ఒక లోకం కావాలి. దానిలో ఏడు రాజ్యాలుండాలి. ఏ రాజ్యంలో ఏ కొండ, ఏ కొండ మీద ఏ దేవుడు, ఆ దేవుడికి ఏ బలి, ఏ మంత్రం చదివితే ఏ నది వెనక్కి నడుస్తుంది, ఇవన్నీ రాసి, పటాలు గీసి పంపాలి. లోకం పేరు వజ్రద్వీపం. రాసేదీ గీసేదీ ఒక్కతే, కెజియా.

ఆమె పాలిటెక్నిక్‌లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసింది. మయసభకు రాకముందు కొండాపూర్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో రెండేళ్ళు ప్లాట్ల లేఅవుట్లు గీసింది. చేతికి పడిన అలవాటు ఎక్కడికి పోతుంది? వజ్రద్వీపం మొదటి పటంలో రాక్షసుల రాజధానికి నలభై అడుగుల రోడ్లు పడ్డాయి. మాయారణ్యంలో చెట్లు వరసగా నిలబడ్డాయి. ప్రతి రాజ్యంలోనూ నిబంధన ప్రకారం పార్కుకు స్థలం వదిలింది. ఇంత పద్ధతిగా బతికే రాక్షసుల్ని ఎక్కడా చూడలేదని అవతలి కంపెనీ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

చేరిన రోజున ఆమె టెన్త్ మెమో, డిప్లొమా ఒరిజినళ్ళు ఇనప బీరువాలోకి వెళ్ళాయి. ఆ రోజుల్లో చాలా ఆఫీసుల్లో అదే ఆనవాయితీ, పిల్లలు మధ్యలో పారిపోకుండా. 'ప్రాజెక్టు పూర్తయిన నాడు తిరిగి ఇవ్వబడును' అన్న కాగితం మీద కెజియా సంతకం పెట్టింది. లోకమే కదా, ఎంతకాలం పడుతుందిలే అనుకుంది.

ఎండీ పార్థసారథి భీమవరం వైపు మనిషి. మంచివాడే, కేకలు వెయ్యడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా భక్తి. ఒక దేవుడి మీద అయితే ఫరవాలేదు. ఆయన బల్ల మీద వెంకన్న, పక్కన సాయిబాబా, ఆ పక్కన గోడకు మేరీమాత క్యాలెండరు, దాని మేకుకే పహాడీ షరీఫ్ దర్గా దారం. ఎవరినీ నొప్పించకూడదంటాడు. ఆయనకు కలలో కనిపించిన ప్రతి దేవుడూ మర్నాటికల్లా వజ్రద్వీపంలో దిగాల్సిందే. దేవుడు దిగితే గుడి కావాలి. గుడికి కొండ, కొండకు కోనేరు, కోనేటికి నది. మొదట్లో పటం ఒక ట్రేసింగ్ షీటు. తర్వాత షీటుకు షీటు అతికించుకుంటూ పోతే గోడ నిండింది, మూల తిరిగింది, బాత్రూం తలుపు దాకా పాకింది. ఉప్పుసముద్రం మాత్రం సరిగ్గా వాష్‌బేసిన్ దగ్గర ఆగింది. దేవుళ్ళ లెక్క అరవై మూడుకు వచ్చింది.

అప్పుడు వచ్చింది ఉత్తరం. రెండేళ్ళ కిందట రాసిన ప్రభుత్వ పరీక్ష. సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. వచ్చే సోమవారం పది గంటలకు నాంపల్లిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి, చూపించకపోతే పేరు కొట్టేస్తారు. కెజియా ఆ ఉత్తరాన్ని మూసాపేట నుంచి సెవెన్ సీటర్ ఆటోలో పన్నెండో మనిషిగా కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"సార్, సోమవారానికి నా సర్టిఫికెట్లు కావాలి."

పార్థసారథి ఉత్తరం చదివి సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. "గవర్నమెంటు ఉద్యోగమా! శుభమమ్మా. అయితే ప్రపంచం పూర్తి కాలేదు కదండీ మరి."

"ఎప్పుడవుతది సార్? మొన్న అయిందన్నరు. నిన్న మళ్ళ చేపల దేవుడొచ్చిండు."

"నేనేం చెయ్యనమ్మా? తెల్లవారుజామున కనిపించాడు. కనిపించినవాణ్ణి వద్దంటామా?"

"మీకు కనిపిస్తనే ఉంటరు సార్. నేను ముసల్దాన్నయిపోత."

"ఛ, అలా అనకూడదు," అన్నాడాయన, బీరువా తాళంచెవి జంధ్యానికి కట్టుకుంటూ.

కెజియా వెళ్ళి పటం ముందు కూర్చుంది. తను గీసిన కొండలు తన చుట్టూనే నిలబడ్డాయి. ఏ నది వెంట పోయినా చివరికి ఇంకో గుడి దగ్గర తేలుతోంది. పటంలో బయటికి పోయే దారి ఒక్కటీ లేదని అప్పుడే చూసింది. లేఅవుట్లు గీసినప్పుడు ముందు మెయిన్ రోడ్డుకు దారి చూపించేది. ఇక్కడ ఎవరూ అడగలేదు, తనూ గీయలేదు.

బుధవారం చాయ్ పట్టుకుని బాలనర్సయ్య పైకి వచ్చాడు. ఆయన ఆ బిల్డింగు వాచ్‌మన్, మాదాపూర్ పుట్టినప్పటి నుంచి ఉన్నవాడు. గేటు దగ్గర తను కుర్చీ వేసుకునేది ఒకప్పటి తన జొన్నచేను గట్టు మీదేనని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

"ఏంది బిడ్డా గిది? ఏ ఊరి పటం?"

"ఊరు కాదు తాతా, లోకం."

"లోకమా!" ఆయన ఈ చివర నుంచి బాత్రూం దాకా నడిచి వచ్చాడు. "మరి బొడ్రాయేది?"

"ఏం రాయి?"

"నీ యవ్వ, గింత సదువు సదివి బొడ్రాయి ఎరుకలేదా? ఊరు నడిమిట్ల పాతుతరు సూడు, గది. మనిషికి బొడ్డెట్లనో ఊరికి గది గట్ల. గది లేకుంటే ఊరే గాదు, ఉత్త జాగ. ఎవడన్న వచ్చి ఏడన్న కూసుంటడు. ఇగో, నీ పటంల కూసోలే?"

"పాతితే ఏమైతది?"

"పాతిననాడు పొలిమేర కడుతరు. ఊరు సుట్టు పొలి సల్లుతరు, బలిచ్చిన నెత్తురు కలిపిన బువ్వ. సల్లినంక లోపటోడు లోపట్నే, బయటోడు బయట్నే. దయ్యమైనా దేవుడైనా గీత దాటనీకి లేదు. మా మేనత్త మొగడు జర ఆలస్యంగ వచ్చిండు. గీత అవతల నిలవడ్డడు. ఎంత మొత్తుకున్నా రానియ్యలే. మా నాయిన ఇవతలికెళ్ళి రొట్టెలు విసిరితే, ఆయన అవతల క్యాచులు పట్టుకున్నడు. ఇరవైకి ఒక్కటి కింద పడలే!"

కెజియాకు నవ్వు రాలేదు. పెన్సిలు తీసింది. "దేవుడు గూడ దాటడా తాతా? కొత్త దేవుడు?"

"కట్టినంక ఎవ్వడు దాటడు. మా ఊరి కట్టు రోడ్డేసిననాడు తెగింది. జూస్తలేవా, ఎవరెవరొచ్చిన్రో?"

ఆ సాయంత్రానికి వజ్రద్వీపం నడి మధ్యలో ఒక రాయి లేచింది. ద్వీపం చుట్టూ కెజియా జంట గీత గీసింది, ప్లాటు హద్దుకు గీసినట్టు, టి-స్క్వేరు పెట్టి. పక్కన రాసింది: ఈ రాయి పాతిన నాడు ఏడుగురు రాజులు కలిసి పొలిమేర కట్టారు. ఆనాటి నుంచి మనిషి గానీ, దేవుడు గానీ, నది గానీ ఈ గీత దాటి లోపలికి రాలేరు, బయటికి పోలేరు. ఏ మంత్రమూ దీన్ని విప్పలేదు.

పార్థసారథి చదివి చేతుల మీద రోమాలు చూపించాడు. "అబ్బ! చూడమ్మా, ఎలా నిలబడ్డాయో!" అంటూ తనే స్వయంగా మోడెం కుయ్‌కుయ్‌మనిపించి ఈమెయిలు పంపాడు. కెజియా లెక్క తేలికైనది: అవతలివాళ్ళు ఆ గీతను ఒప్పుకుంటే ఇక దేవుళ్ళు రారు. దేవుళ్ళు రాకపోతే లోకం పూర్తి. లోకం పూర్తయితే బీరువా తెరుచుకుంటుంది.

శుక్రవారం జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు. పధ్నాలుగు నెలల్లో ఇంత బాగున్న ముక్క ఇంకోటి లేదన్నారు. పార్థసారథి పుల్లారెడ్డి స్వీట్లు తెప్పించాడు. కెజియా బర్ఫీ ముక్క చేతిలో పట్టుకునే బీరువా వైపు చూసింది.

"ఇప్పుడు ఇస్తరా సార్?"

"ఇస్తానమ్మా, ఇవ్వకుండా ఉంటానా? కింద ఇంకో రెండు లైన్లున్నాయి చూడు." ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "గీత దాటి ఎవరూ పోలేరు సరే, మరి గీత అవతల ఏముంది? అది కూడా గీసి పంపమంటున్నారు."

కెజియా బర్ఫీని ప్లేటులో పెట్టేసింది.

"అది వేరే లోకం సార్."

"ప్రాజెక్టు అదేనండీ. నువ్వే కదమ్మా అవతల అనేదాన్ని పుట్టించావు! ఇదివరకు లేదు కదా!"

ఆయన ఎగతాళి చెయ్యడం లేదు, అదే ఎక్కువ బాధ. తప్పించుకోవడానికి కట్టిన గోడకు అవతలి వైపు కూడా తన పనే అయి కూర్చుంది.

శనివారం ఆమె ఇంకో మాట పట్టుకొచ్చింది. "ఒక్కరోజుకియ్యండి సార్. సోమవారం పొద్దున తీస్కపోత, సాయంత్రం ఆరింటికల్ల తెచ్చిస్త."

పార్థసారథి మేకు నుంచి మేరీమాత క్యాలెండరు తీశాడు. "దీని మీద చెయ్యేసి ఒట్టెయ్యి."

"మేము మేరీమాతకు మొక్కం సార్. మా చర్చి వేరే."

"సరే, బైబిలు తెచ్చుకో."

"ఒట్టు గూడ వెయ్యం. మా అమ్మ ఎయ్యనియ్యదు. వస్తనంటే వస్త. అంతే."

ఆయన కంగారు పడ్డాడు. ఒట్టు వేసేవాళ్ళను చాలామందిని చూశాడు, ఎందరో ఎగ్గొట్టారు. వెయ్యనన్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఆ కొత్తదనానికే కాబోలు, తాళంచెవి తీశాడు.

సోమవారం నాంపల్లిలో పని గంటలో అయిపోయింది. గుమాస్తా ముద్ర కొట్టి, "ఆర్డరు మూడు నెలల్లో వస్తది. జాయినైన రోజు ఒరిజినళ్ళు మళ్ళ తేవాలె," అన్నది. బయట మెట్ల మీద అమ్మ హన్నా కాచుకుని ఉంది. ఆమె దవాఖానలో నర్సు, డ్యూటీకి సెలవు పెట్టి మరీ వచ్చింది. కూతురి చేతిలో ఫైలు చూడగానే తన సంచి నోరు తెరిచింది.

"ఇండ్ల వెయ్యి. నడువు ఇంటికి."

"ఆరింటికి ఇచ్చేసేది ఉందమ్మా."

"పిచ్చా నీకు? నీ కాగితాలు నీకు దొరికినయ్. ఆయనేం పోలీసులను తెస్తడా?"

"వస్తనని చెప్పిన."

"ఆయనకు చెప్పినవ్, దేవునికి చెప్పలే."

"ఆయన ఒట్టెయ్యమన్నడు. మేము వెయ్యం, మా మాట చాలన్న. ఇప్పుడు పోకపోతే మన మాట ఏమైతదమ్మా? నువ్వే గద నేర్పింది."

హన్నా సంచి మూసుకుంది. మొహం ఎర్రబడింది. "నేను నేర్పిన మంచి ముక్కలన్ని గిట్ల నా మీదికే తిరుగుతయని నాకేం ఎరుక," అని గొణుక్కుంటూ బస్టాపు వైపు నడిచింది. కూతురు వెంట వస్తుందేమోనని రెండుసార్లు ఆగింది. కెజియా రాలేదు.

తిరుగు దారి పొడుగునా ఫైలు ఆమె ఒళ్ళోనే ఉంది. మూసాపేట దగ్గర ఆటో ఆగింది. ఇల్లు కూతవేటు దూరం. దిగితే అయిపోతుంది. కాళ్ళు ఒకసారి కదిలాయి కూడా. పక్కనున్నామె కూరగాయల సంచితో దిగిపోయింది, ఆ ఖాళీలోకి ఇద్దరు ఎక్కారు. ఆటో బయల్దేరింది.

ఆరుకు అయిదు నిమిషాలు తక్కువుండగా ఆమె మయసభ మెట్లెక్కింది. పార్థసారథి ఫోనులో ఎవరికో "ఆ అమ్మాయి ఇక రాదండీ. రేపు పొద్దున్నే వచ్చెయ్యండి, డ్రాయింగు వస్తే చాలు," అని చెబుతున్నాడు. ఆమెను చూసి ఫోను పెట్టేశాడు.

"నిజంగానే వచ్చావా!"

"వస్తనన్న గద సార్."

ఆయన ఫైలు తెరిచి ముద్ర చూశాడు. చాలాసేపు చూశాడు. ఇక ఉంచుకోమంటాడని కెజియా అనుకుంది. అనుకోవడమేమిటి, చెయ్యి కూడా కొంచెం ముందుకు చాపింది.

"నువ్వు చాలా గొప్పదానివమ్మా," అన్నాడాయన, కళ్ళజోడు తీసి నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ. "ఈ రోజుల్లో నీలాంటివాళ్ళు దొరుకుతారా? దొరికినవాళ్ళను వదులుకుంటామా?"

బీరువా మూసుకుంది. తాళంచెవి జంధ్యానికి వెళ్ళింది.

కెజియా ఏడవలేదు. కొత్త ట్రేసింగ్ షీటు ఒకటి తీసి, బల్ల మీద నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది.

"సార్, అవతలి లోకం ఇది. కాగితం ఎంతుందో లోకం అంతే. ఇంకో కాగితం అతికించ."

"అలా ఎలా కుదురుతుందమ్మా? రేపు ఎవరైనా కనిపిస్తే..."

"ఇండ్ల జాగ ఉంటే పెడత. నిండినంక పెట్టను. వస్తనంటే వచ్చిన. పెట్టనంటే పెట్టను."

పార్థసారథి నవ్వబోయి ఆగాడు. ఆమె మాటకు విలువ ఎంతో ఇప్పుడే కళ్ళారా చూశాడు. కుర్చీ లాక్కుని వచ్చి, కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు జానతో కొలిచాడు. నాలుగు జానలు, పైన రెండు వేళ్ళు.

"కొండలు చిన్నవిగా గియ్యమ్మా," అన్నాడు.